పిక్క ముందుకొచ్చిన కథ

మోకాలి కింద కాలిని ముందువైపు నొక్కి చూడండి. వేలికి వెంటనే ఎముక తగులుతుంది. అదే టిబియా. దాని లోపలి ముఖం మీద చర్మం తప్ప మరేమీ లేదు, కండ చాలావరకు వెనక పిక్కలోనే ఉంది. బైకు ప్రమాదాల్లో ఎముక అంత సులువుగా బయటపడేది అందుకే.

తొడ నుంచి పల్చటి చర్మం తీసి అతికించొచ్చు కదా అంటే, అది కింది నుంచి నెత్తురు అందితేనే బతుకుతుంది. పైపొర ఊడిన ఎముక మీద పట్టదు, నల్లబడి రాలిపోతుంది. ఆపైన ఎముకలో చీము పడితే ఏళ్ల తరబడి కారుతూనే ఉంటుంది.

1854లో అమెరికా సర్జన్ ఫ్రాంక్ హామిల్టన్ ఒక కాలి చర్మాన్ని రెండో కాలి పుండు మీదికి కుట్టాడు. ఆ చర్మం నాటుకునేదాకా రోగి రెండు కాళ్లూ కలిపి కట్టించుకుని వారాల తరబడి మంచంలో ఉండాలి. కావలసిన సరుకు అదే కాలి వెనక ఉన్నా ఎవరికీ తట్టలేదు! 1946లో సర్జన్ స్టార్క్ చీముపట్టిన ఎముక గుంతలను పక్క కండరంతో నింపాడు. 1960లలో సర్జన్ రాల్ఫ్ గెర్ మానని కాలి పుండ్లను కూడా కండరంతో కప్పి, దానిమీద చర్మం అతికించాడు. దారి అక్కడ తెరుచుకుంది.

పిక్క పై కండరం గాస్ట్రోక్నీమియస్‌కు రెండు తలలు. ఒక్కో తలకు ఒకే ప్రధాన ధమని, అదీ మోకాలి వెనకే లోపలికి దిగుతుంది. కాబట్టి కింది పట్టు కోసి గాయం మీదికి తిప్పినా కండ చావదు. సర్జన్ లోపలివైపు గాటు పెట్టి, సన్నటి ప్లాంటారిస్ స్నాయువు కోసం వెతుకుతాడు. అది కనబడిందంటే సరైన పొరలో ఉన్నట్టే, వేలు దూర్చితే కింది కండరం సోలియస్ విడిపోతుంది. మడమ వైపు కోసేటప్పుడు కొంచెం స్నాయువు అంచును కండకే వదులుతారు, లేకుంటే కుట్టు నిలవదు. పైనున్న గట్టి పొరకు అడ్డగాట్లు పెడితే కండ ఇంకాస్త సాగుతుంది. బయటి తలతో మాత్రం జాగ్రత్త. కాలి బయటి ఎముక ఫిబ్యులా మెడను చుట్టి వెళ్లే నరం దెబ్బతింటే పాదం వేలాడిపోతుంది.

మోకాలి దగ్గరి గాయాలకు గాస్ట్రోక్నీమియస్, కాలి నడుమకు సోలియస్. చీలమండ చేరేసరికి కండలన్నీ స్నాయువులైపోతాయి, తిప్పడానికేమీ మిగలదు. అక్కడ సాధారణంగా ఒంట్లో మరోచోటి నుంచి కండ తెచ్చి, మైక్రోస్కోప్ కింద రక్తనాళాలు కలిపే ఫ్రీ ఫ్లాప్ కావాలి. పేరంతా దానిదే. నన్నడిగితే, ఆ సదుపాయం లేని చోట కాలు నిలబెట్టేది పిక్కే. అయితే ప్రమాదంలో పిక్క కూడా నలిగిపోయుంటే దాన్ని నమ్ముకోకూడదు.

ఆలస్యమూ పనికిరాదు. ల్యుబ్లియానాకు చెందిన సర్జన్ మార్కో గోడినా 532 మంది రోగుల అనుభవం 1986లో అచ్చయింది. 72 గంటల్లోపు కప్పిన గాయాల్లో ఫ్లాప్ పోవడమూ, చీము పట్టడమూ చాలా తక్కువ. అవి ఫ్రీ ఫ్లాప్‌లే అయినా, ఆ తొందర పక్క కండరానికీ వర్తిస్తుందని సర్జన్లు గ్రహించారు.

ఒక తల తీసినా మిగిలిన తల, సోలియస్ కలిసి మడమను లేపుతాయి. మామూలు నడకకు పెద్ద లోటుండదు, పరుగు పందెగాడికైతే తేడా తెలుస్తుంది. ముందు ఉబ్బెత్తుగా కనిపించే కండ, పని తగ్గేకొద్దీ నెలల్లో సన్నబడుతుంది.