పాత రేంజ్‌ఫైండర్ కొనేముందు చూడాల్సిన అంకెలు

2022 జూన్‌లో జర్మనీలోని వెట్జ్‌లార్‌లో జరిగిన వేలంలో ఒక లైకా కెమెరా 1 కోటి 44 లక్షల యూరోలు పలికింది. లైకాను రూపొందించిన ఆస్కార్ బార్నాక్ సొంతానికి వాడుకున్న కెమెరా అది. 1923 ప్రాంతంలో తయారైంది. అందులో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ లేదు. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కంటితో అంచనా కట్టి లెన్సు తిప్పుకోవాల్సిందే. 1932లో వచ్చిన లైకా-2తో ఆ ఇబ్బంది తీరింది. పాత కెమెరాలు కొనడం మొదలుపెట్టేవాళ్లు ముందు పేరూ ధరా చూస్తారు. వాటితో ఫొటోలు తీయాలనుకుంటే మాత్రం చూడాల్సిన అంకెలు వేరు.

మొదటిది రెండు కిటికీల మధ్య దూరం. రేంజ్‌ఫైండర్ కెమెరా ముందువైపు ఉన్న రెండు చిన్న కిటికీలు ఒకే వస్తువును చెరో కోణం నుంచి చూస్తాయి. వ్యూఫైండర్ మధ్యలో చిన్న మచ్చలాంటి భాగం ఉంటుంది. దాన్ని తలుపు గ్రిల్లు మీదకు తెస్తే ఒక్క ఊచ రెండుగా కనిపిస్తుంది. లెన్సు తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరకు జరిగి ఒకటైపోతాయి. అక్కడే ఫోకస్. అలవాటైతే సెకను కూడా పట్టదు.

1954లో వచ్చిన లైకా ఎం3లో ఈ దూరం 68.5 మిల్లీమీటర్లు. ఆ లెక్కన మీటరు దూరంలోని మనిషి దగ్గర రెండు చూపులూ కలిసే కోణం 3.9 డిగ్రీలు. 3 మీటర్లకు అది 1.3కు పడిపోతుంది, 10 మీటర్లకు 0.4 కూడా మిగలదు. అంత చిన్న తేడాను కన్ను పట్టుకోవాలంటే కిటికీలు ఎడంగా ఉండాలి, వ్యూఫైండర్‌లో బొమ్మ పెద్దగా కనబడాలి. అందుకే కిటికీల మధ్య దూరాన్ని, వ్యూఫైండర్‌లో బొమ్మ అసలు పరిమాణంలో ఎన్నో వంతు కనబడుతుందో ఆ అంకెతో గుణించి చూస్తారు. ఎం3కి 68.5ని 0.91తో గుణిస్తే 62. 1936 నాటి జర్మనీ కెమెరా కాంటాక్స్-2కి 90ని 0.75తో గుణిస్తే 67.5. సోవియట్ ఫెడ్-2కి 67ని 0.75తో గుణిస్తే 50. ఎక్కువ వచ్చినకొద్దీ గురి మెరుగు.

ఇదంతా కాగితం మీది లెక్క కాదు. 50 ఎంఎం లెన్సును ఎఫ్/2 దగ్గర ఉంచి 3 మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే ముందువెనకలు కలిపి 43 సెంటీమీటర్ల మేర స్పష్టంగా వస్తుంది. మీటరు దూరంలో అదే 4.5 సెంటీమీటర్లు. కళ్లు చక్కగా వస్తే చెవులు మసకబారతాయి. రేంజ్‌ఫైండర్ కాస్త పక్కకు జరిగిందంటే ఆ కళ్లు కూడా దక్కవు.

కాంటాక్స్ అంకె నచ్చి, దాని ధరకు వెనుకంజ వేసేవాళ్లకు కీవ్ కెమెరాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాంటాక్స్ తయారీ యంత్రాలు సోవియట్ చేతికి వెళ్లాయి. కీవ్ నగరంలోని ఆర్సెనల్ ఫ్యాక్టరీలో అదే 90 మిల్లీమీటర్ల అమరికతో కెమెరాలు దశాబ్దాల పాటు తయారయ్యాయి. ఫెడ్ కథ ఖార్కివ్‌లో 1934లో లైకా-2 నకలుతో మొదలైంది. ఈ నకళ్ల మీద లైకా పేరు చెక్కి, బంగారు పూత పూసి అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లెన్సు విప్పి లోపల, పైభాగంలో చూడండి. రేంజ్‌ఫైండర్‌ను కదిపే మీట చివర అసలు లైకాలో గుండ్రటి చక్రం ఉంటుంది. ఫెడ్‌లోనూ, మరో సోవియట్ నకలు జోర్కీలోనూ ఎక్కువగా కోసుగా ఉండే ముక్క కనిపిస్తుంది.

జపాన్ కెమెరాల దగ్గర చూడాల్సింది వోల్టేజీ. 1972 నాటి కానొనెట్ క్యూఎల్17 జీ-3 చేతిలో హాయిగా ఇమిడే కెమెరా, 40 ఎంఎం ఎఫ్/1.7 లెన్సు చాలా మంచిది. కానీ వెలుతురు కొలిచే దాని మీటరును 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి సరిపడేలా చేశారు. ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. 1.5 వోల్టుల సెల్లు వేస్తే 11 శాతం ఎక్కువ కరెంటు అంది, మీటరు వెలుతురు ఎక్కువుందని చెబుతుంది, ఫొటో నల్లబడుతుంది. వినికిడి యంత్రాల్లో వాడే 1.4 వోల్టుల 675 సెల్లు చుట్టూ చిన్న రింగు పెట్టి వాడితే పని జరుగుతుంది. మీటరు పూర్తిగా పోయినా దీని షట్టర్ ఆడుతుంది. 1966 నాటి యాషికా ఎలక్ట్రో 35 అలా కాదు. బ్యాటరీ లేకపోతే దానికి 1/500 సెకను ఒక్కటే వేగం.

కెమెరా చేతికి రాగానే వెనక తలుపు తెరిచి, వెలుతురు వైపు పెట్టి షట్టర్ నొక్కి చూడండి. గుడ్డ తెర ఉన్నవాటిని చీకటి గదిలో టార్చి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత చిల్లులు కూడా బయటపడతాయి. లెన్సు మూత తీసి ఎండకేసి వదిలేస్తే ఆ గుడ్డ కాలిపోతుంది. ఫెడ్, జోర్కీల్లో ఫిల్ము తిప్పాకే వేగం మార్చాలి, ముందు మారిస్తే లోపలి భాగాలు పాడయ్యే ప్రమాదముంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో లెన్సుకు బూజు పడుతుంది, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి.

ఇన్ని చూసినా అసలు పరీక్ష ఫిల్ముదే. టేపుతో కచ్చితంగా మీటరు కొలిచి, న్యూస్‌పేపరును ఏటవాలుగా పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి ఒక ఫొటో తీయండి. మీరు గురిపెట్టిన వరుస కాకుండా దాని పక్క వరుస స్పష్టంగా వస్తే రేంజ్‌ఫైండర్‌ను సరిచేయించాలి. 36 ఫొటోల రీలు కడిగించి చూడకుండా ఏ కెమెరానూ బాగుందని నమ్మకండి. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా ఫెడ్-2. మీటరు లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఐఎస్ఓ 100 ఫిల్ముతో మన మధ్యాహ్నపు ఎండలో ఎఫ్/16 దగ్గర సెకనులో వందో వంతు పెట్టి మొదలుపెట్టండి.