పాత ఫ్లాపీకి మరమ్మతు: తొందరపడితే ఉన్నదీ పోవచ్చు

1990 దశకంలో డీటీపీ కేంద్రాల్లో కూర్చిన పుస్తకాల్లో ఇంకా ఫ్లాపీల్లోనే ఉండిపోయినవి లేకపోలేదు. అట్టి ఫ్లాపీ మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకొన్న నకలే డిస్క్ ఇమేజి. 1.44 ఎంబీ ఫ్లాపీకి అది 14,74,560 బైట్లుండాలి. తగ్గితే నకలు అసంపూర్ణమే.

ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫ్యాట్ పట్టిక డాస్ ఫ్లాపీలో రెండు ప్రతులుంటుంది. ఒకటి చెడితే రెండోది ఆదుకోవచ్చు. కరణాల లెక్కలకు ఈపాటి జాగ్రత్త ఉండేదా?

డాస్‌లోని చెక్‌డిస్క్‌ను ఊరికే నడిపితే తప్పులు చూపుతుంది, దిద్దదు. '/ఎఫ్' చేర్చితే దిద్దుతుంది. చిక్కంతా అక్కడే. దిక్కులేని ముక్కలకు 'ఫైల్0000.సీహెచ్‌కే' వంటి పేర్లు పెడుతుంది. అసలు పేర్లు తిరిగి రావు. అందుచేత దిద్దుబాటు ఇమేజికి తీసిన మరో నకలుపైనే చేయాలి. నకలు దించేముందే మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలనున్న చిన్న బిళ్లను జరిపి రంధ్రం తెరిస్తే, దానిపై కొత్త రాత పడదు.