యాప్ తీసేస్తే చాలదు... ఖాతా మూసేయాలి!

‘ఫోన్లోంచి గేమ్ తీసేసినం సార్. వారం రోజులు మంచిగనే ఉన్నడు. మళ్లీ మొదలుపెట్టిండు.’ చౌటుప్పల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆసుపత్రికి వచ్చే తల్లిదండ్రులు తరచూ చెప్పే మాట ఇది. నిజానికి వాళ్లు వచ్చేది గేమ్ గురించి కాదు. పిల్లవాడికి నిద్ర పట్టడం లేదనో, తలనొప్పి తగ్గడం లేదనో, ఊరికే కోపం వస్తోందనో తీసుకొస్తారు. నాలుగు మాటలు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. రాత్రి షిఫ్టులు నడిచే పరిశ్రమలున్న ప్రాంతం కాబట్టి, పెళ్లయిన యువకులూ ఇదే బాధతో వస్తుంటారు.

ఆట మానలేకపోవడం ఒట్టి మొండితనం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆటపై అదుపు తప్పడం, చదువు, ఉద్యోగం, తిండి, నిద్ర కన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం దీని లక్షణాలు. ఇవి సుమారు ఏడాది పాటు కొనసాగితే జబ్బుగా పరిగణిస్తాం. తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే చికిత్స మొదలుపెట్టాలి.

పిలిచేది ఎవరు?

మద్యం మానాలనుకున్న మనిషి ఇంట్లో సీసా పారేసి, బెల్టు షాపులో ఖాతా మాత్రం అలాగే ఉంచుకుంటే ఏమవుతుంది? యాప్‌ను తీసేసి ఖాతా ఉంచుకోవడమూ అంతే. మళ్లీ డౌన్‌లోడ్ చేసి లాగిన్ అయితే దాటిన లెవెళ్లు, కొన్న తుపాకులు, వాలెట్లో మిగిలిన డబ్బు అన్నీ నిమిషాల్లో తిరిగొస్తాయి.

పైగా ఖాతా ఊరికే ఉండదు. మేం రోగి కేస్ షీట్ రాసినట్టే గేమ్ సంస్థ కూడా ఆడేవాడి వివరాలు రాసుకుంటుంది. ఏ వేళ ఆడతాడు, ఎంతసేపు ఆడతాడు, ఓడాక ఎంత డబ్బు వేస్తాడు అన్నీ అందులో ఉంటాయి. తేడా ఒక్కటే. మా కేస్ షీట్ జబ్బు తగ్గించడానికి. అక్కడిది మళ్లీ రప్పించడానికి. ‘మీ కోసం బోనస్ ఎదురుచూస్తోంది’ అన్న మెసేజ్ సరిగ్గా అతను ఆడే వేళకే రావడం వెనక ఈ లెక్క ఉండొచ్చు. వ్యసనం నుంచి బయటపడుతున్న మెదడుకు అలాంటి చిన్న గుర్తు చాలు, కోరిక మళ్లీ రగలడానికి.

నిషేధం వచ్చింది, వివరాలు ఉండిపోయాయి

తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. అయినా లొకేషన్ మార్చి చూపించి ఆడినవాళ్లున్నారు. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ ఠాణాల్లో కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించింది. పెద్ద సంస్థలు వెంటనే వాటిని ఆపేశాయి. ఆడినవాళ్లకు ఈ చట్టంలో శిక్ష లేదు కాబట్టి భయపడి దాచాల్సిన పనిలేదు.

ఆట ఆగినంత మాత్రాన అప్పట్లో ఇచ్చిన పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు వాటంతట అవే చెరిగిపోవు. పిల్లలు చాలాసార్లు నాన్న ఫోన్ నంబరు, అమ్మ కార్డు వాడి ఉంటారు. ఒకసారి ఇంట్లో అందరి ఫోన్లూ చూడండి.

మీ హక్కు ఇదీ

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2011 నాటి ఐటీ నియమాల ప్రకారం బ్యాంకు, కార్డు వంటి సున్నితమైన వివరాలకు ఇచ్చిన అనుమతిని మీరు రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. ఫిర్యాదును సంస్థ అధికారి నెలలోగా పరిష్కరించాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. అనుమతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. వివరాలు చెరిపేయమని అడగవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. వాళ్ల అలవాట్లను గమనించి ప్రకటనలు గురిపెట్టడం కుదరదు. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే నుంచి ఈ హక్కులకు పూర్తి బలం వస్తుంది. అప్పటిదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే అడగండి.

ఈ వరుసలో చేయండి

1. వాలెట్లో డబ్బుంటే ముందు బ్యాంకుకు మార్చుకోండి. లావాదేవీల వివరాలు దాచుకోండి. పన్ను లెక్కలకో, ఫిర్యాదుకో పనికొస్తాయి.

2. గేమ్‌లో దాచిన కార్డు, యూపీఐ వివరాలు తీసేయండి. మీ యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ ఉందేమో చూసి రద్దు చేయండి.

3. సెట్టింగ్స్‌లో ‘డిలీట్ అకౌంట్’ నొక్కండి. లాగౌట్, డీయాక్టివేట్ వేరు, డిలీట్ వేరు. ఖాతా తెరిపించే యాప్‌లు దాన్ని తొలగించే దారి కూడా చూపాలని గూగుల్ ప్లే, ఆపిల్ స్టోర్ల నిబంధన.

4. ఆ దారి దొరక్కపోతే సంస్థ ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాయండి. ‘నా అనుమతి వెనక్కి తీసుకుంటున్నాను. నా ఖాతా, వివరాలు తొలగించి నాకు తెలియజేయండి’ అంటే చాలు. స్క్రీన్‌షాట్ దాచండి. చట్టప్రకారం ఉంచాల్సిన కొన్ని లావాదేవీల రికార్డులు మాత్రం సంస్థ దగ్గర ఉంటాయి.

5. గూగుల్, ఫేస్‌బుక్ ఖాతాలతో ఉన్న లింకు తెంచండి. యాప్ తీసేయడం చివరి పని. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల నుంచీ బయటికి రండి.

‘కస్టమర్ కేర్’ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. ఖాతా మూస్తామంటూ ఓటీపీ అడిగితే అది మోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

కొట్టి, తిట్టి వద్దు

పిల్లవాడు నిద్రపోతుండగా దొంగచాటుగా ఖాతా తొలగించకండి. వాడికి అది కొన్నేళ్ల కష్టం, స్నేహితుల గుంపు. పక్కన కూర్చోబెట్టుకుని, ఒప్పించి, చివరి బటన్ వాడి చేతే నొక్కించండి. తానే మూసిన తలుపును మళ్లీ తెరవడానికి మనసు కాస్త వెనకాడుతుంది.

చాలా సంస్థలు వెంటనే తొలగించవు. కొన్ని రోజుల గడువిస్తాయి. ఆలోపు లాగిన్ అయితే అభ్యర్థన రద్దవుతుంది. ఆట మీద యావ, చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉండేదీ ఆ తొలి రోజుల్లోనే. అందుకే ఆ గడువు తీరేదాకా రాత్రిపూట ఫోన్లు పెద్దవాళ్ల గదిలో ఉండాలి. సాయంత్రం వేళ ఆటకో, వ్యాయామానికో పంపండి. అన్నం అందరూ కలిసి తినండి.

అప్పుల గురించి భయపడుతున్నా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకురండి. ఎంత పోగొట్టాడన్న లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు మనిషి దక్కాలి.