తిరిగితేనే బతికే బండి

పాత ఇటలీ మోటార్‌సైకిల్ కొన్నవాళ్లకు అడగకుండానే అందే సలహా ఒకటుంది. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచు, వేరే సామాను వేయకు, ఎక్కువ తిప్పకు, విలువ పడిపోతుంది అని. అద్దాల బీరువాలో పెట్టుకునే పింగాణీ పాత్రకైతే ఆ మాట సరిపోతుంది. 1960ల చివరి నుంచి 1980ల దాకా కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో దెల్ లారియోలో మోటో గుజ్జీ, బొలోన్యా శివారు బోర్గో పనిగాలేలో డుకాటీ తయారుచేసిన రెండు సిలిండర్ల బండ్లకు మాత్రం అది చేటే చేస్తుంది. ఇవాళ్టికీ ఆ బండ్లు రోడ్డు మీద కనిపిస్తున్నాయంటే, సెలవు రోజున ఇంటి షెడ్డులో కూర్చుని, చేతులకు మడ్డి అంటించుకుని, అరిగింది మార్చి, తయారీలోనే ఉన్న లోపాన్ని సరిదిద్ది నడుపుకుంటూ వచ్చిన ఔత్సాహికుల చలవే ఎక్కువ. బండిని కాపాడాలంటే దాన్ని నడపాలి. నడకకు అడ్డొచ్చే భాగం ఏదైనా సరే, అది అసలుదైనా సరే, తీసేయాలి. నా వాదన ఇదీ.

గట్టి సాక్ష్యం గుజ్జీ సిలిండర్లలోనే దొరుకుతుంది. జూలియో చెజారే కార్కానో రూపొందించిన వీ7 1967లో మార్కెట్లోకి వచ్చింది. ఇటలీ పోలీసులు, అటు లాస్ ఏంజెలెస్ పోలీసులు కూడా ఆ వంశపు బండ్లను డ్యూటీలో వాడారంటే ఇంజిన్ ఎంత మొండిదో తెలుస్తుంది. అయితే దాని అల్యూమినియం సిలిండర్ల లోపలి గోడకు గట్టి క్రోమ్ పూత వేశారు. కొత్తలో అది అరగదు, ఇబ్బంది పెట్టదు. ఏళ్లు గడిచాక పెచ్చులూడుతుంది. ఆ పెచ్చులు నలిగి పొడై ఆయిల్లో కలుస్తాయి. తొలి మోడళ్లలో ఆయిల్ ఫిల్టరే లేదు. సంపులో ఉన్న తీగ జల్లెడ అంత సన్నని పొడిని ఆపలేదు, దాంతో అది నేరుగా క్రాంకు బేరింగుల్లోకి పోతుంది. మన దగ్గర బోరుకొచ్చిన ఇంజిన్‌కు చేసినట్టు బోరింగ్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేద్దామన్నా కుదరదు. పూత పోతే సిలిండరే మార్చాలి, లేదా కొత్త పూత వేయించాలి. 1970ల నడుమ వచ్చిన 850 టీ3లో గుజ్జీ ఫిల్టర్ పెట్టింది. ఆ తర్వాత క్రోమ్‌ను కూడా వదిలేసి నికెల్, సిలికాన్ పూతకు మారింది. అంటే తప్పును కంపెనీయే ఒప్పుకుని దిద్దుకుంది. మరి వీ7 కొని, అంతా ఒరిజినలే అని మురిసిపోయి, ఆ పాత సిలిండర్లతోనే తిప్పేవాళ్లు ఏం కాపాడుతున్నట్టు? హెడ్డు దించి పూత చూసి, అవసరమైతే పిస్టన్లతో సహా కొత్త సెట్టు వేసినవాళ్లే ఆ ఇంజిన్‌కు మరో ముప్ఫై ఏళ్ల ఆయుష్షు పోస్తున్నారు.

పైగా ఈ బండ్లను గీసినవాళ్లు విప్పడానికి వీలుగానే గీశారు. గుజ్జీలో సిలిండర్లు చెరో పక్కకు పొడుచుకుని ఉంటాయి కాబట్టి టాపెట్ సెట్టింగ్‌కు పెట్రోలు ట్యాంకు కూడా దించక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్లగ్గులు తీసేసి, ఆల్టర్నేటర్ ముందున్న మోడళ్లలో దాని మూత విప్పితే క్రాంకు కొస చేతికందుతుంది. అక్కడ ఆలెన్ కీ పెట్టి నెమ్మదిగా తిప్పాలి. పక్కన చిన్న రబ్బరు బిరడా లాగితే ఆ కంతలోంచి ఫ్లైవీల్ మీది గుర్తులు కనిపిస్తాయి, డి కుడి సిలిండర్‌కు, ఎస్ ఎడమ సిలిండర్‌కు. గుర్తు సరిగ్గా నడుమకొచ్చి, ఆ పక్క వాల్వులు రెండూ మూసుకుని ఉన్నప్పుడు రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య ఫీలర్ గేజ్ దూర్చాలి. ఉండాల్సిన సందు మిల్లీమీటరులో దాదాపు ఐదో వంతు. రేకు కాస్త పట్టి వదులుతున్నట్టు కదిలితే సరిపోయినట్టే. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా రవ్వంత తిరుగుతుంది గనక ఇంకోసారి కొలిచి చూడాలి. ఓపిక ఉన్నవాళ్లెవరైనా నేర్చుకోగల పని ఇది. 1971 నాటి వీ7 స్పోర్ట్ కోసం లీనో టోంటీ గీసిన ఫ్రేమునే చూడండి. కింది గొట్టాలు రెండూ బోల్టులతో ఊడి వచ్చేస్తాయి, ఇంజిన్‌ను కిందికి దించేందుకే ఆ ఏర్పాటు. ఇక ఇటలీ బండ్ల వైరింగ్‌కున్న చెడ్డపేరు చాలావరకు తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్లదీ, కొనలు కిలుం పట్టిన ఫ్యూజులదీ. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, కొత్త ఫ్యూజు పెట్టెకు మార్చుకుంటే సగం గొడవ వదులుతుంది.

డుకాటీ అంత సులువు కాదని ఒప్పుకోవాలి. ఫాబియో తాల్యోనీ 1956లో 125 సీసీ రేసు బండికి పెట్టిన డెస్మో పద్ధతి 1968లో మామూలు కొనుగోలుదారుల బండికీ వచ్చింది. ఇందులో వాల్వును తెరిచేందుకే కాదు, మూసేందుకూ రాకర్ ఉంటుంది. ఆనాటి స్ప్రింగులు ఎక్కువ వేగం దగ్గర వాల్వును సరిగ్గా అదుపు చేయలేకపోయేవి, అందుకు చేసిన ఏర్పాటిది. దానికి తగ్గట్టే సెట్టింగ్ పని రెట్టింపవుతుంది. తెరిచే వైపు సందు, మూసే వైపు సందు విడివిడిగా కొలిచి షిమ్ (సందును కుదిర్చే చిన్న లోహపు బిళ్ల) మార్చాలి, సరిపోయేది దొరక్కపోతే షిమ్మును పలచగా అరగదీయాలి. అయినా కదిలించకుండా ఉంచడమే మేలన్న వాదనను గట్టిగా కొట్టిపారేసేది కూడా డుకాటీయే. 1979 నాటి పాంటా నుంచి క్యామ్‌షాఫ్టును రబ్బరు బెల్టులు తిప్పుతాయి. బండి కదలకపోయినా రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. నిలబెట్టి ఉంచిన బండిలో బెల్టు పుల్లీ చుట్టూ వంగినచోటే బిగుసుకుపోతుంది. తెగిందంటే వాల్వులు పిస్టన్‌కు కొట్టుకుని ఇంజిన్ పోతుంది. మీటరులో తక్కువ కిలోమీటర్లు చూసి ఎక్కువ ధర పెట్టేవాళ్లు ఈ లెక్క మర్చిపోతున్నారు. వాడని డెలోర్టో కార్బురేటర్లలో పెట్రోలు ఆరి జెట్లు మూసుకుపోతాయి. పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత ఫైబర్‌గ్లాస్ ట్యాంకులను ఉబ్బించేస్తుంది.

చరిత్రను చెరిపేస్తున్నారన్న అభ్యంతరం బలమైనదే. 1972 ఇమోలా 200 రేసులో పాల్ స్మార్ట్, బ్రూనో స్పజ్జారీ మొదటి రెండు స్థానాల్లో నిలిచిన డుకాటీల మీద ఎవరూ స్పానర్ పెట్టకూడదు. అవి మ్యూజియం వస్తువులు. ఆ గెలుపు తర్వాత 1974లో సుమారు 400 మాత్రమే తయారైన 750 సూపర్ స్పోర్ట్ విషయంలోనూ ఆచితూచి నడవాలి. కానీ వేల సంఖ్యలో అమ్ముడైన టీ3కి, పాంటాకు అదే నియమం పెట్టడం అన్యాయం. తీసిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి దాచి, ఫ్రేమును కోయకుండా, మళ్లీ పాత స్థితికి తేగల మార్పులే చేస్తే చరిత్రకు వచ్చిన నష్టమేమీ లేదు. మన దేశంలో 2021లో మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణలో ఈ తేడా కనిపించదు. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే వింటేజ్ గుర్తింపు, వీఏ అక్షరాల నంబరు. ఆపైన మామూలు వాడకానికి రోడ్డెక్కకూడదు. నకిలీలను ఆపాలన్న ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఫ్యాక్టరీ తానే మానేసిన లోపాన్ని దిద్దినవాళ్లకు అందులో స్పష్టమైన చోటు ఉండాలి.

పొగ సంగతి దాచనక్కర్లేదు. కార్బురేటర్ బండి కొత్త బండి కన్నా ఎక్కువే వదులుతుంది, రద్దీ నగరాల నడిబొడ్డుకు రానివ్వకపోవడం సబబే. మిగతాచోట్ల, ఆదివారం పూట కాసేపు తిరిగే, ట్యూనింగ్ సరిగ్గా ఉన్న బండిని ఆపితే గాలికి ఒరిగేది తక్కువ.

అసలు ప్రమాదం పని తెలిసినవాళ్లు కరిగిపోవడంలో ఉంది. విడిభాగాలు ఏదోలా వస్తాయి. ఇటలీలో ఇన్నోచెంటీ కంపెనీ లాంబ్రెటా స్కూటర్ల తయారీని 1971లో ఆపేస్తే యంత్రాలు లక్నోకు చేరాయి, విజయ్ సూపర్ అక్కడే పుట్టింది, పాత లాంబ్రెటాలకు ఇప్పటికీ భారతదేశం నుంచి సామాను దొరుకుతోంది. బెల్టులకు ముందు డుకాటీల్లో క్యామ్‌షాఫ్టును తిప్పిన బెవెల్ గేర్ల పళ్ల మధ్య సందును షిమ్ములతో కుదిర్చే పని మాత్రం అలా ఓడెక్కి రాదు. ఒకరి పక్కన కూర్చుని ఇంకొకరు నేర్చుకోవాల్సిందే. అందుకే ఏ వాల్వుకు ఎంత మందం షిమ్ వేశారో, ఏ జెట్టు మార్చారో, ఎప్పుడు మార్చారో రాసి ఉంచిన పుస్తకం బండితోపాటే కొత్త యజమానికి అందాలి. ఆ పాత మోడళ్ల డ్రాయింగులను చిన్న వర్క్‌షాపులకు ఇచ్చే పనిని కంపెనీలు చేపట్టాలి. ఆ గేర్లు కోసినవాళ్లు, కూర్చినవాళ్లు ఇంకా కొందరు మిగిలి ఉండగానే అది మొదలవ్వాలి, ఎందుకంటే డ్రాయింగులో లేని కొలతలను వాళ్లే చెప్పగలరు.