బొమ్మరైలు పట్టాల పరిశుభ్రత

ఇత్తడి బిందెను నాలుగు దినములు తోమక విడిచినచో కాంతి తప్పుటయు, వానకాలమున దానిపై పచ్చని కిలుము పట్టుటయు మనకందఱకు అనుభవమే. బిందెకు పట్టిన కిలుము చూపునకు వెలితియే గాని నీరు మోయుటకు అడ్డుగాదు. అదియే బొమ్మరైలు పట్టాపై కంటికి కానరానంత పలుచగా నేర్పడినను బండి కదలదు. వేలకొలది రూపాయలు పోసి కొనిన వస్తువును “మోటారు కాలిపోయినది” అని అటకపై కెక్కించుటకు పెక్కు గృహములలో నిదియే కారణము. ఆ వస్తువు చెడియుండలేదు. తుడువబడక యుండెను, అంతియే.

సోదరీమణులారా, బొమ్మరైలు మగపిల్లల యాటవస్తువనియు, దాని బాగుచేత మగవారి పనియనియు తలపవలదు. దీనికి కావలసినది ఓర్పు, మెత్తని గుడ్డ, ఏ లోహమును దేనితో శుద్ధిచేయవచ్చునో, దేనితో చేయరాదో యను తెలివి. ఈ మూడును మన వంటయిండ్లలో తరతరములుగ నున్నవే.

బొమ్మరైళ్ళు రెండు తెగలు. భద్రాచలమున శ్రీరామనవమి తిరునాళ్ళలో అంగళ్ళ ముందు గుండ్రముగ తిరుగుచు కూతవేయు బండ్లలో చాలవానికి బ్యాటరీ ఇంజను కడుపులోనే యుండును; పట్టా ప్లాస్టిక్కుది. వానికి పట్టాశుద్ధితో పనిలేదు. రెండవ తెగవానికి లోహపు పట్టాలుండును. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును ఒక చిన్న పెట్టె 12 వోల్టులకు దించి ఆ పట్టాల కందించును. నేను వ్రాయుచున్నది వీనిని గూర్చియే. వీనిలో మిక్కిలి ప్రచారమున నున్న పరిమాణము నిజమైన బండిలో 87వ వంతు; రెండు పట్టాల నడుమ వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. 1920లో ఇంగ్లండున ఫ్రాంక్ హార్న్‌బీ మొదట అమ్మిన రైళ్ళు తాళముచెవి త్రిప్పిన నడచునవి గావున వానికి ఈ బాధయే లేదు. పట్టాలవెంట విద్యుత్తు వచ్చిన పిదపనే శుభ్రత ముఖ్యమైనది.

విద్యుత్తు ఒక పట్టాగుండ వచ్చి, ఆ వైపు చక్రములనుండి ఇంజనులోని మోటారునకు ఎక్కి, అవతలి వైపు చక్రములగుండ రెండవ పట్టాకు దిగి, మరల పెట్టెకు పోవును. ఈ చుట్టు ఎచట తెగినను బండి నిలిచిపోవును. చక్రము పట్టాను తాకు చోటు ఎంతటిదని తలంతురు? ఆవగింజంతయు నుండదు. ఇంజను బరువా, ఒక చిన్న చెంబుపాటి. అంత తేలికయైన చక్రము మురికిని చీల్చుకొని లోహమును తాకజాలదు. 12 వోల్టుల చిన్నశక్తి ఆ పొరను దాటజాలదు. కాజీపేట విజయవాడ మార్గమున పరుగెత్తు పెద్ద ఇంజను పైతీగనుండి 25,000 వోల్టుల విద్యుత్తును గ్రహించి, తన చక్రముల ద్వారా పట్టాలలోనికే దానిని మరల విడుచును. కాని దాని బరువు నూఱు టన్నులకు పైమాట గావున మురికి దానిముందు నిలువదు. చిన్నదానికే శుభ్రత యెక్కువ కావలెను. ఇది పసిబిడ్డల విషయమునను మనమెఱిగినదే గదా!

మురికి మురికిని కనును. స్పర్శ తెగినచోట సూదిమొనయంత నిప్పురవ్వ పుట్టును. ఆ రవ్వ పట్టాపై నల్లని మచ్చను విడుచును, ఆ మచ్చవలన స్పర్శ మరల తెగును, మరల రవ్వ. ఒకనాడు తటపటాయించిన బండి వారము తిరుగకముందే పూర్తిగ నిలిచిపోవుట కిదియే హేతువు.

మన ప్రాంతమున ఈ బాధ మఱింత యెక్కువ. ఖమ్మము దాటి భద్రాచలపు అడవివైపు వచ్చినకొలది వానకాలమున గాలియందలి చెమ్మ పెట్టెలలోని బట్టలకు సైతము ఎక్కును. ఇల్లెందు, కొత్తగూడెము, మణుగూరు పరిసరములలో బొగ్గుధూళి కిటికీగడపలపై ప్రతిదినము తుడువవలసియే యుండును. (ఇల్లెందు వద్ద బొగ్గును 1871లో డాక్టరు విలియం కింగు కనుగొనెను. సింగరేణి గనులనుండి వచ్చు ఆ బొగ్గుతోనే పాల్వంచలోని కొత్తగూడెము థర్మల్ కేంద్రమున 1966 నుండి విద్యుత్తు పుట్టుచున్నది. బండిని నడపునదియు బొగ్గే, ఆపునదియు బొగ్గే యని మావారు పరిహాసమాడుదురు.) వీనికి తోడు పోపు వేసినప్పుడు లేచు నూనెయావిరి, సాంబ్రాణి పొగ, ముగ్గుపిండి, తల దువ్వుకొనిన చోట రాలిన వెండ్రుకలు. వెండ్రుక ఇరుసునకు చుట్టుకొనినచో చక్రము బిగిసిపోవును.

మావారు తొమ్మిదవ తరగతి పిల్లలకు విద్యుద్వలయమును గూర్చి పాఠము చెప్పుటకు బొమ్మరైలును వాడుదురు. గడచిన శ్రావణమున ఒక ఆదివారము అడవిలోపలి పల్లెలనుండి వచ్చి వసతిగృహమున నుండు పిల్లలు పదునొకండుగురు దానిని చూడ మా యింటికి వచ్చిరి. వారిలో సగముమంది నిజమైన రైలును దగ్గఱగ చూచియుండలేదు. భద్రాచలం రోడ్డు అను పేరుగల స్టేషను కొత్తగూడెమున నున్నదే గాని, గోదావరి దాటి రామయ్య సన్నిధికి రైలు ఇంకను రాలేదు గదా! ఆనాడు బండి ప్రతి చుట్టునందును కిటికీ దగ్గఱ ఆగిపోవుచుండెను. ఒక బాలిక దానిని వ్రేలితో త్రోయును, అది జానెడు పోవును, ఆగును. అంతకు ముందురోజే పట్టణమునందలి ఒక బాగుచేయు అంగడివారు మోటారు మార్చవలెనని మూడువేల అయిదువందలు అడిగియుండిరి. వాగులు పొంగుచున్న దినములు. ఆ పిల్లలలో కొందఱు మఱునాడే ఊళ్ళకు పోవలసినవారు, మరల ఎన్నడు వత్తురో తెలియదు. నేను ఉతికిన పాత తెల్లపంచె ముక్కను వ్రేలికి చుట్టి పట్టాపై నడిపితిని. కాటుక తీసినట్లు నల్లగీత వచ్చెను. కిటికీ దగ్గఱ గీత నల్లగానే గాక జిడ్డుగ నుండెను. ఆ గోడకు అవతల మా వంటయిల్లు. పది నిమిషములు తుడిచిన మీదట బండి ఆగక పదునెనిమిది చుట్లు తిరిగెను. పిల్లలే లెక్కించిరి. వ్రేలితో త్రోసిన బాలిక “అమ్మా, మన కంటికి కనబడని మురికి కరెంటుకు ఎట్ల కనబడింది?” అని యడిగెను. ఆనాటి పాఠము ఆ ప్రశ్నతోనే మొదలయ్యెను. నూనెయు, తుప్పును విద్యుత్తును పోనీయవనియు, లోహము పోనిచ్చుననియు నల్లబల్లపై వ్రాసి చెప్పిన దానికంటె ఆ గుడ్డముక్క యెక్కువ చెప్పినదని నా తలంపు.

ఇక పద్ధతి. ముందుగ గోడనుండి ప్లగ్గును తీసివేయవలెను. పట్టా యే లోహమో తెలిసికొనవలెను. అయస్కాంతము అంటుకొనినచో ఉక్కు. అంటుకొనక పచ్చగ నున్నచో ఇత్తడి. అంటుకొనక తెల్లగ నున్నచో చాలవఱకు జర్మన్ సిల్వరు. ఈ పేరులో వెండియున్నదే గాని లోహములో లేదు. రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమమది. మన పెట్టెలలోని పాత కంచములలో కొన్ని దీనివే. జర్మన్ సిల్వరు నెమ్మదిగ మాసును. మాసినను కొంతవఱకు విద్యుత్తును పోనిచ్చును. ఇత్తడి త్వరగ మాసును. ఉక్కు తుప్పు పట్టును. క్రొత్తగ కొనువారు తెల్లపట్టాలనే కొనుట మేలు.

నూలుపోగులు విడువని మెత్తని పాతగుడ్డను మందులషాపులో దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి పిండి, పట్టా పైభాగమును, లోపలి యంచును తుడువవలెను. చక్రపు అంచు ఒరయునది అక్కడనే. గుడ్డపై నల్లగీత రాకుండువఱకు క్రొత్తచోటు మార్చుచు తుడిచి, పొడిగుడ్డతో ముగింపవలెను. ఈ ద్రవము వెంటనే అంటుకొనునది. పొయ్యి, దేవునిదీపము, అగరువత్తి దగ్గఱ దీనిని తెఱువరాదు, కిటికీలు తీసియుంచవలెను, పిల్లలచేతి కియ్యరాదు.

పట్టా శుభ్రమై చక్రములు మురికిగ నున్నచో ఒక్క చుట్టులో మురికి మరల పట్టాకెక్కును. పెట్టెల చక్రములు చేతితో తిరుగును గావున వానిని దూదిపుల్లతో తుడువవచ్చును. ఇంజను చక్రములను చేతితో త్రిప్పరాదు, లోపలి పండ్లచక్రములు విఱుగును. కనబడు భాగమును తుడిచి, ఆరిన పిదప పట్టాపై రెండంగుళములు నడిపి, ఆపి, ప్లగ్గు తీసి, మిగిలిన భాగమును తుడువవలెను. పెట్టెలకు ప్లాస్టిక్కు చక్రములున్నచో అవి మురికిని ఎక్కువగ పోగుచేయును. లోహపు చక్రములు మార్పించుకొనిన శ్రమ తగ్గును.

చేయరానివి చేయవలసిన వానికంటె ముఖ్యములు. చింతపండు బిందెకు అమృతమే, పట్టాకు విషము. దాని పులుపు కిలుమును కరగించు మాట నిజము. కాని ఆ పులుపు అతుకులలో నిలిచి రెండు దినములలో అంతకు రెట్టింపు కిలుమును తెచ్చును. ఉప్పుతో నిమ్మకాయ మఱియు చెడ్డది. గరుకుకాగితము గీతలు పెట్టును, ఆ గీతలే మురికికి ఇండ్లగును. అంట్లు తోము ఇనుపపీచు అన్నిటికంటె అపాయకరము: దాని పొడిపోగులను మోటారులోని అయస్కాంతము లాగికొనును, అప్పుడు మోటారు నిజముగనే కాలును. ఇరుసులకు కొబ్బరినూనె పోయుట మన యిండ్లలో వాడుక. అది చలికి గడ్డకట్టి జిగురగును. తయారుచేసినవారు చెప్పిన కందెనను సూదిమొనతో ఒక్క బొట్టు పెట్టిన చాలును. ఎక్కువైనచో పట్టాపైకి పాకును.

తుడిచినను బండి ఒకేచోట ఆగుచున్నచో దోషము మురికిది కాదు, అతుకుది. రెండు పట్టాలను కలుపు చిన్నరేకు వదులై యుండును. దానిని తీసి పటకారుతో కొంచెము నొక్కి మరల తొడుగవలెను. చోటుచోటున ఆగుచున్నచో చక్రములను అనుమానింపవలెను.

ఇది పిల్లల ఆటకు సంబంధించిన మాటయే యని కొందఱనవచ్చును. 1872లో అమెరికావాడగు విలియం రాబిన్సను నిజమైన పట్టాలలో చిన్న విద్యుత్ప్రవాహమును నిలిపి, దాని సాయమున బండి యెక్కడ నున్నదో సిగ్నలుకు తెలియజేయు ఉపాయమును కనిపెట్టెను. బండి ఆ భాగమునకు వచ్చినంతనే దాని చక్రములును ఇరుసును రెండు పట్టాలను కలిపివేయును, అవతలి కొనకు విద్యుత్తు అందదు, సిగ్నలు ఎఱ్ఱబారును. పట్టా విఱిగినను ఎఱ్ఱబారును. ఎంత తెలివి! కాని బండ్లు అరుదుగ నడచు మార్గమున పట్టా తుప్పుపట్టినచో, తేలికబండి చక్రము ఆ తుప్పును చీల్చలేక, బండి యున్నను లేనట్లే సిగ్నలుకు తోచును. రైల్వేవారు ఇందులకు జాగ్రత్తలు చాల తీసికొందురు. ఇరుసులను లెక్కించు యంత్రములను సైతము మన దేశమున అనేకచోట్ల పెట్టియున్నారు. మా తొమ్మిదవ తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు గది నిశ్శబ్దమయ్యెను.

పట్టాలను నేలపై గాని తివాచీపై గాని పఱువక చెక్కపలకపై బిగించిన ధూళి తగ్గును. వాడనప్పుడు పైన పలుచని గుడ్డ కప్పవలెను. గోదావరి పెరుగు దినములలో మా యింట పట్టాలను విడదీసి, పొడిగుడ్డలో చుట్టి, మందుసీసాలలో వచ్చు చెమ్మపీల్చు గుళికల పొట్లములతో సహా రేకుపెట్టెలో ఉంచుదుము. ఆశ్వయుజమున తీసినప్పుడు ఒక్కమాఱు పొడిగుడ్డతో తుడిచిన చాలుచున్నది.