తాళం పగిలిందా, తలుపు తెరిచే ఉందా? ఎఫ్ఐఆర్‌లో ఇంగ్లీషు మాటలు తెలుసుకోండి

శింగనమల: వాన మొహం చాటేసిన ఏడాది ఈ ప్రాంతంలో వేరుశనగ చేతికి రాదు. ఇళ్లకు తాళాలేసి కుటుంబాలు బెంగళూరు పోతాయి. తిరిగొచ్చేసరికి బీరువా ఖాళీగా ఉంటే స్టేషన్‌లో చెప్పేది ఒకటే మాట, ‘దొంగలు పడ్డారు’ అని. కానీ కాగితం మీద దానికి ఇంగ్లీషులో నాలుగైదు పేర్లున్నాయి. ఏ పేరు పడిందో దాన్నిబట్టి శిక్ష మారుతుంది, బీమా డబ్బు కూడా.

‘ట్రెస్‌పాస్’ అంటే పరాయి జాగాలో అక్రమంగా అడుగుపెట్టడం. ఊరికే అడ్డదారిన పొలం దాటితే క్రిమినల్ కేసు కాదు. నేరం చేయాలనో, యజమానిని బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో ఉద్దేశం ఉండాలి. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329, గరిష్ఠంగా 3 నెలల జైలు. ఇంట్లోకి చొరబడితే ‘హౌస్ ట్రెస్‌పాస్’, ఏడాది దాకా. మసీదు, గుడి, సరుకు దాచే గోదాము కూడా ఇక్కడ ‘హౌస్’ కిందికే వస్తాయి.

అసలు తిరకాసు ‘హౌస్ బ్రేకింగ్’ దగ్గర. పేరు చూసి ఏదో ఒకటి పగలాలనుకుంటారు. అక్కర్లేదు. గోడకు కన్నం వేసినా, గోడ ఎక్కి దిగినా, మీరు పారేసుకున్న తాళంచెవి దొరికి దాంతో తలుపు తీసినా అదే నేరం. దొంగతనం కోసం సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారేలోపు ఇలా చొరబడితే సెక్షన్ 331 కింద 14 ఏళ్ల దాకా పడొచ్చు. మామూలు ‘థెఫ్ట్’కైతే 3 ఏళ్లే. కొట్టి, భయపెట్టి లాక్కుంటే ‘రాబరీ’. ఐదుగురు, అంతకు మించి కలిసి చేస్తే ‘డెకాయిటీ’.

మరి పేపర్లలో రోజూ కనిపించే ‘బర్గ్లరీ’? ఆ పేరుతో మన చట్టంలో నేరమే లేదు. బీమా పాలసీలో మాత్రం ఉంది. దుకాణదారులు చిక్కేది అక్కడే. పాలసీలో బలవంతపు ప్రవేశం అని రాసి ఉంటే, బలప్రయోగం లేని దొంగతనానికి పరిహారం రాదని 2004లో సుప్రీంకోర్టు యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో చెప్పింది. అంటే దొరికిన తాళంచెవితో దుకాణం తెరిస్తే పోలీసులకది హౌస్ బ్రేకింగ్, బీమా కంపెనీ మాత్రం కాదనొచ్చు.

అందుకే తాళం ఎలా ఉంది, గడియ వంగిందా, కిటికీ ఊచ తెగిందా అన్నది ఫిర్యాదులో రాయించాలి. సర్దేముందే ఫొటోలు తీసుకోవాలి. నోటితో చెప్పింది పోలీసులు రాసుకుని చదివి వినిపించాకే సంతకం పెట్టండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి.