మీకు తెలుసా? భోగి దాటని తీర్మానాలు

జనవరి 1న ఏలూరులో పొద్దున్నే నడకకు బయల్దేరినవాళ్ల కాళ్లకేసి చూడండి. సగం బూట్లు అప్పుడే అట్టపెట్టెలోంచి దిగినట్టుంటాయి. భోగి నాటికి ఆ బూట్లు గుమ్మం పక్కన, వాటి యజమానులు అరిసెల పళ్లెం పక్కన. తప్పు మనిషిది కాదు, ముహూర్తానిది. కొత్త తీర్మానానికి జనవరి 1 ఒక్కటే మంచిరోజు కాదని 2014లో అమెరికా పరిశోధకులు చూపించారు. వారం మొదలు, నెల మొదలు, పుట్టినరోజు దాటాక కూడా జనం జిమ్ములకు ఎక్కువగా వెళ్తున్నారట. మనకైతే కనుమ వెళ్లాక వచ్చే సోమవారం భేషైన ముహూర్తం.

పదివేల అడుగుల లెక్క డాక్టర్లు పెట్టింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మకానికి తెచ్చి, దానికి పెట్టిన పేరు ‘మాన్పో-కే’. అంటే పదివేల అడుగుల మీటరు. ఆ పేరే లక్ష్యమై కూర్చుంది. సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేల మందికి పైగా మహిళలను పరిశీలించి 2019లో తేల్చిందేమిటంటే, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. ఫోనులో పదివేలు పూర్తికాలేదని రాత్రి పదింటికి హాల్లో గిరగిరా తిరిగే బాబాయిలు ఇది గమనించాలి.

ఉల్లిపాయల సంచీ. తాడేపల్లిగూడెం ఉల్లిపాయలకు పేరున్న మార్కెట్. అక్కడ అయిదున్నర కిలోలు కొని, సంచీ చేత్తో పట్టుకుని మూడో అంతస్తు దాకా మెట్లెక్కి చూడండి. 80 కిలోల మనిషి 7 శాతం తగ్గితే దిగే బరువు కాస్త అటూ ఇటూగా అంతే. షుగరు అంచున ఉన్న 3,234 మందితో అమెరికాలో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో కొందరికి పెట్టిన లక్ష్యం ఈ 7 శాతమే, దాంతోపాటు వారానికి 150 నిమిషాల వ్యాయామం. వాళ్లలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. అలాంటిదే చెన్నైలో చేసి 2006లో ప్రచురిస్తే, తగ్గుదల 28.5 శాతం. విశేషమేమిటంటే, ఇక్కడివాళ్ల బరువు పెద్దగా తగ్గనేలేదు, అయినా మేలు జరిగింది. కాటా ముల్లు కదల్లేదని నడక మానేసేవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పాలి!

21 రోజుల్లో అలవాటవుతుందా? ఆ మాటకు మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషనయ్యాక కొత్త ముఖానికి అలవాటుపడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ముఖం సంగతి కాస్తా నడకకు అంటుకుంది. లండన్‌లో 96 మందిని గమనించినప్పుడు అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 అనే అంచనా. మధ్యలో ఒకరోజు తప్పినా కొంప మునగలేదు.

మన అయ్యప్ప దీక్ష 41 రోజులు. చలికాలం తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, సిగరెట్టు ముట్టకపోవడం. ఏడాది పొడవునా కుదరనివన్నీ మాల మెడలో పడగానే కుదురుతాయి. నియమం స్పష్టంగా ఉంటుంది, పక్కన గురుస్వామి ఉంటాడు, ఊరంతా ‘స్వామీ’ అని పిలుస్తూ కనిపెట్టి ఉంటుంది. మాల తీసిన సాయంత్రమే కొందరు కిళ్లీకొట్టు దగ్గర తేలడానికి కారణం, నా లెక్కలో, ఆ మూడూ ఒక్కసారే పోవడం. మాల తీసినా తోడు నడిచే మనిషిని వదులుకోకూడదు.

ఎప్పుడు, ఎక్కడ? ఈ రెండూ ముందే రాసుకున్న బ్రిటన్ విద్యార్థుల్లో 91 శాతం ఆ వారం వ్యాయామం చేశారు. రాసుకోనివాళ్లలో చేసింది 40 శాతం లోపే (2002 నాటి అధ్యయనం). ‘రేపట్నుంచి నడుస్తా’ అంటే కుదరదు. ‘పాలప్యాకెట్ ఇంట్లో పెట్టి, ఆరింటికి కాలవగట్టు మీద వంతెన దాకా’ అనాలి.

కొల్లేరు వైపు ఉంటే జిమ్ము ఊసే అక్కర్లేదు. పదెకరాల చేపల చెరువు నలుచదరంగా ఉంటే గట్టు చుట్టూ దాదాపు 800 మీటర్లు. మూడు చుట్లు తిరిగితే అరగంట నడక. మేత చల్లే కూలీకి ఇది చెప్పక్కర్లేదు. గట్టు మీద బండి దిగకుండానే చెరువు చూసి వెళ్లే ఆసామికి చెప్పాలి. ఒక్కబిగిన కనీసం పది నిమిషాలు నడిస్తేనే లెక్క అన్న పాత షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఎత్తేసింది.

రెండున్నర కిలోలు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి ఎత్తింది మొత్తం 240 కిలోలు. స్వర్ణం వెళ్లింది 242.5కి. రెండో విభాగంలో 130 ఎత్తిన తర్వాత చివరి ప్రయత్నంలో ఆమె ఏకంగా 137.5కి వెళ్లింది, అది నిలబడలేదు. కంచుతో దేశానికి చరిత్ర రాసింది. ఒలింపిక్స్‌లో ఆ తెగింపుకు దండం పెట్టాలి. మన మోకాళ్ల మీద మాత్రం వద్దు.

వారానికి అయిదు రోజులు, రోజుకో అరగంట నడిస్తే నాలుగు వారాల్లో దాదాపు 50 కిలోమీటర్లు. ఏలూరులో బయల్దేరి తాడేపల్లిగూడెం చేరినట్టే. షుగరు మందులో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు బయల్దేరే ముందు డాక్టరుగారిని ఒక్కమాట అడగండి. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు వేసుకోండి.